మా హీరోకి నేనేసిన గుండు బొమ్మ

ఇప్పటి పిల్లోళ్ళు బొమ్మొకటి గీసి ఫోన్లో పెడతారు, టీ చల్లారేలోపల ఎవురో ఒకరు బాగుందని చెప్పేస్తారు. ఆ రోజుల్లో అంత సులువు కాదు సామీ. బొమ్మ గీసేది ఒక ఎత్తు, దాన్ని నలుగురి కంట్లో పడేటట్టు చేసేది ఇంకో ఎత్తు. నేను చెప్పేది తిరుపతిలో సందుకొక నెట్ సెంటర్ ఉండిన కాలం మాట. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, అలిపిరి కాడ మా నాయన టోపీల అంగట్లో కూర్చోని ఉంటిని. కొండ మింద తలనీలాలు ఇచ్చి దిగొచ్చినోళ్ళకు నెత్తి కాలకుండా టోపీలు, తుండుగుడ్డలు అమ్మే అంగడి అది. (మా ఇంట్లో అన్నం ఉడికిందంటే గుండ్ల పుణ్యమే. మా నాయన గుండు కనిపిస్తే చాలు, ముందు దండం పెట్టి ఆ తర్వాత బేరం మొదలుపెట్టేవాడు.) బేరాలు లేనప్పుడు నాకు తోడు పెన్సిలు, తెల్లకాగితం. గీసేది ఒకరినే, మా హీరోని. పేరు మాత్రం చెప్పను. చెబితే ఈ వయసులో గూడా కొట్లాటకొచ్చేవాళ్ళు ఉండారు.

మా హీరోకి నెట్లో అభిమానుల ఫోరం ఒకటి ఉండేది. ఎవురైనా ఒక టాపిక్ పెడతారు, మిగతావాళ్ళు దాని కింద జవాబులు రాస్తారు. జవాబు వచ్చిన టాపిక్ పైకి పోతాది, రానిది కిందికి దిగిపోతాది. నావన్నీ దిగిపోయేవే. మా అక్కను చేసుకున్న మా అత్త కొడుకు బస్టాండు కాడ నెట్ సెంటర్ పెట్టుకోనుండె. ఆ బావ దగ్గర స్కానర్ ఉండబట్టి, మధ్యాన్నం ఎవురూ లేనప్పుడు పోయి బొమ్మ ఎక్కించి, కింద మూలలో నా సంతకం కనిపిస్తాందో లేదో అని తెరకు ముక్కు ఆనించి చూసుకొని, అన్నలూ ఎట్లుందో చెప్పండని రాసేవాణ్ణి. అన్నలు పలికితే గదా. ఒకసారి ఒకాయన "కేక తమ్ముడూ, ఇంతకీ మనోడి కొత్త సినిమా పాటలెప్పుడు?" అని రాసినాడు. అంతే, దాని కింద పాటల మింద పెద్ద రగడ అయిపోయింది గానీ బొమ్మ సంగతి ఒక్కడూ ఎత్తలేదు. ఇంకోసారి ఫోరం పెద్దలు నా బొమ్మను తీసకపోయి, ఫొటోలన్నీ ఈడే వెయ్యండి అనే టాపిక్‌లో పడేసినారు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లోడి మాదిరి అది మళ్ళీ కనపడలేదు. సిగ్గు విడిచి చెప్తాండా, బావ పేరుతో ఇంకో ఖాతా తెరిచి నా బొమ్మను నేనే మెచ్చుకున్నాను. బావ అది చూసి, "మెచ్చుకుంటే మెచ్చుకున్నావు, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయని యాల రాసినావురా? మీ అక్క చూస్తే నన్నేమనుకోవాల?" అని ఆ ఖాతా నా చేతనే మూయించినాడు.

నాకు ఇంత జరుగుతా ఉంటే, అదే ఫోరంలో వాల్‌పేపరన్న అని ఒకాయన రాజ్యమేలతా ఉండేవాడు. ఆయప్ప పెన్సిలు పట్టి ఎరగడు. కంప్యూటర్లో ఫొటోలు అతికిస్తాడు. హీరో వెనక మంటలు, మంటల వెనక సింహం, సింహం వెనక పిడుగులు. ఆయన ఊరికే శుభోదయం అన్నా చాలు, పేజీలు పేజీలు జవాబులొచ్చేవి. నాకు కడుపు మండిపోయేది. అబద్ధమెందుకు, ఆ మంటల్లో సగం నావే.

అప్పుడు మా హీరో కొత్త సినిమా రిలీజుకు దగ్గరపడింది. ఈసారి ఎవురికీ తట్టని బొమ్మ వెయ్యాలని పట్టుబట్టినాను. అంగడి ముందర వరసగా పోతా ఉండే గుండ్లను చూస్తాంటే దారి కనిపించింది. సినిమా హిట్టయినందుకు మా హీరో మొక్కు తీర్చుకొని కొండ దిగొస్తా ఉన్నట్టు గీసినాను. నున్నటి గుండు, దాని మింద పచ్చటి గంధం, నుదుట నామం, వెనక కొండ, పక్కన మెట్లు, మెట్ల కాడ నా సంతకం. మా ఊళ్ళో దీనికి మించిన శుభం ఏముండాది? కోరిక తీరినోడే గదా గుండుతో దిగేది. ఎక్కించినాను. ఎదురు చూసినాను. ఒక్క జవాబు రాలేదు. ఆ తూరి నిజంగా ఏడుపొచ్చింది నాకు. ఇంక ఈ పెన్సిలు ఎత్తి అవతల పారేద్దామనుకున్నాను.

ఇంతలో బావ కబురంపినాడు, నీ బొమ్మ ఫోరంలో మోత మోగిపోతాందిరా అని. పరిగెత్తినాను. మోగిపోతా ఉండేది నిజమే, గానీ బొమ్మ కింద వాల్‌పేపరన్న పేరుండాది. ఆయప్ప కొండను కోసేసినాడు, మెట్లు కోసేసినాడు, మెట్లతో పాటు నా సంతకమూ పాయె. గంధం, నామం తుడిచేసి, అంతా నలుపు చేసి, వెనక వాన కురిపించి, కింద తన పేరు ఎర్రగా రాసుకున్నాడు. జనమంతా "అన్నా నీ చేయి బంగారం" అని ఒకటే పొగడ్తలు. నాకు ఒళ్ళు తెలియలేదు. బావను పక్కన కూర్చోబెట్టుకొని పొడుగాటి ఫిర్యాదు రాయించినాను. ఈ బొమ్మ నాది, నా పేరు ఇది, నమ్మకపోతే అలిపిరి కాడ మా టోపీల అంగడికి రండి, అసలు కాగితం చూపిస్తాను అని. అసలు కాగితం పట్టుకొని నేను నిలబడిన ఫొటో గూడా జత చేసినాము. ఫొటో ఎక్కతా ఎక్కతా ఉంది, కరెంటు పాయె, దాంతో పాటు ఫిర్యాదూ పాయె. కరెంటోళ్ళను నేను ఆ పొద్దు తిట్టిన తిట్లు ఈడ రాస్తే బాగుండదు.

కరెంటు మళ్ళీ వచ్చేలోపలే సినిమా వచ్చింది. మార్నింగ్ షో చూసి బయటికొచ్చిన అభిమానులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సాయంత్రానికి టికెట్లు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. సినిమా పోయిందంటే కారణం కావాల గదా. కథ బాగాలేదని అనేదానికి అభిమానికి నోరు రాదు. ఫోరంలో ఎవురో కనిపెట్టినారు, రిలీజు ముందర ఆ నల్లటి గుండు బొమ్మ వేసినారే, ఇంట్లో చావు జరిగినోడి మాదిరి, అదే అపశకునమని. ఇంక చూడు, పొగిడిన నోళ్ళే తిట్లకు దిగినాయి. వాల్‌పేపరన్న రెండు చేతులూ ఎత్తేసినాడు. నేను వాన మాత్రమే పెట్టినాను, గుండు వేసింది తిరుపతోడు ఎవడో, పేరు గుర్తులేదు అని రాసినాడు. (పేరు గుర్తులేదంట. ఆ భయంలో గూడా ఆ మాట నాకు ముల్లు మాదిరి గుచ్చుకునింది.)

బావ దగ్గరికి పోయి, నా టాపిక్ తీసేద్దామని వెతికించినాను. యాడా కనపడలేదు. బావ ఫోరం నిబంధనలు చదివి పడీపడీ నవ్వినాడు. ఒక్క జవాబు గూడా రాని టాపిక్‌ను వారం తిరిగేలోపల వాళ్ళే తీసేస్తారంట. ఎవురూ పలకలేదని ఏ బొమ్మకైతే నేను ఏడిస్తినో, పలకకపోబట్టే దాని ఆనవాలు లేకుండా పోయింది. కరెంటోళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అయినా గండం గడవలేదు. మరుసటి పొద్దు నేనూ మా నాయనా అంగట్లో ఉండంగా, తిరుపతి అభిమాన సంఘం ప్రెసిడెంటన్న వచ్చినాడు. కటౌట్లకు పాలు పోసేది, థియేటర్ కాడ గలాటాకు ముందుండేది ఆయనే. సినిమా ఆడాలని మొక్కుకోనుండాడంట, ఆడకపోయినా మొక్కు మొక్కే అని కొండకు పోయి గుండు కొట్టించుకొని దిగినాడు. టోపీ ఇమ్మన్నాడు. నేను ఇస్తా ఉండంగా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసినాడు. నా గుండు బొమ్మే, వానతో సహా.

"ఇది వేసినోడు ఈ ఊరోడేనంటప్పా. ఎవురో తెల్సునా?"

టోపీల సంగతి తప్ప మాకేమీ తెలియదన్నా అని ఎట్లో అన్నాను. అంతలో మా నాయన ఇట్లియ్యప్పా అని చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. అయిపాయె అనుకున్నాను. మా నాయన గుణం ఊరందరికీ ఎరికే. బొమ్మ అనే మాట చెవినబడితే చాలు, మావోడు గూడా బ్రమ్మాండంగా వేస్తాడని మొదలుపెడతాడు. నేను వెనక నుంచి ఆయన పంచె పట్టుకొని గుంజినాను. ఆయన కండ్లద్దాలు తుడుచుకొని, కాగితం దూరంగా పెట్టి చూసి, దగ్గరికి తెచ్చి చూసి, నా మొహం ఒకసారి చూసి, "మనకు తెల్సినోడు కాదప్పా" అని తిరిగిచ్చినాడు.

ప్రెసిడెంటన్న టోపీ పెట్టుకొని, కాగితాన్ని ఇంకోసారి చూసినాడు. "దొరికితే తన్నాలనే వచ్చినా. కానీ చూడప్పా, కొట్టించుకున్న పొద్దు గుండు ఎట్లుంటాదో అచ్చం అట్లే వేసినాడు నా కొడుకు. వీడి చెయ్యి చెయ్యి కాదు" అని, దాన్ని నలగకుండా మడిచి మళ్ళీ జేబులో పెట్టుకోని పోయినాడు.

అంతకాలం నేను ఎదురుచూసిన మాట అదే. నేనేనన్నా అని అరిచి చెప్పాలని నాలుక కొస దాకా వచ్చింది. నోరు మూసుకోని, చెమట తుడుచుకోని, స్టూలు మింద కూలబడినాను. సంతోషమో, బతికి బయటపడినామనే నిమ్మళమో ఏదీ తెలియలేదు గానీ, నవ్వు ఒకటే ఆగలేదు.

మా నాయన టోపీలు సర్దుకుంటా, నా పక్క చూడకుండానే, "మీ హీరో మొహానికి నా చెవులు యాల పెట్టినావురా?" అన్నాడు. అప్పటిదాకా నాకే తెలియదు. గుండు గీసేటప్పుడు చెవులు ఎట్లుంటాయో చూద్దామంటే ఎదురుగా బట్టతలతో కునుకు తీస్తా ఉండేది ఆయనే గదా. సంతకం కోసేసినా ఆయన చెవులు మాత్రం కొయ్యడం వాల్‌పేపరన్న చేత గాలేదు. నేను తల గోక్కుంటా నిలబడితే, "సరే పో, నా చెవులు ఆయనకిచ్చినావు, ఈసారి నన్ను గీసి ఆయన జుట్టు నాకు పెట్టు" అన్నాడు.

పెట్టినాను. ఒత్తుగా, నుదుటి మిందకి పడేటట్టు. దాన్ని ఏ ఫోరంలోనూ ఎక్కించలేదు, అంగట్లో టోపీల పైన తగిలించినాము. కొనేదానికొచ్చినోళ్ళు ఎవురప్పా ఈ హీరో అని అడిగితే మా నాయన మీసం దువ్వుకునేవాడు. ఇప్పుడు నా నెత్తి మిందా వెంట్రుకలు కరువైనాయి. పొద్దున్నే అద్దం ముందర నిలబడితే ఆ చెవులే ముందు కనిపిస్తాయి, ఏం నాయనా బాగుండావా అనుకుంటా గడ్డం గీసుకుంటాను.