మా ఆవిడ అతుకు

మా ఆవిడ ఇనుము కుడుతుంది, నేను గుడ్డ కుడతాను. రెండు షాపులకీ మధ్య ఒకటే గోడ. వెల్డింగ్ పనికి కొత్తగా వచ్చినవాళ్లు తిన్నగా నా దగ్గరికొచ్చి "ఓనర్ గారు మీరేనా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. గోడ అవతలికి వేలు చూపిస్తాను. అక్కడ మాస్కు పైకెత్తి, చెమట తుడుచుకుంటూ ఆవిడ "చెప్పండి" అంటుంది. కొందరైతే ఏం చెప్పాలని వచ్చారో కూడా మరిచిపోతారు.

ఆ పని ఆవిడ వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక షాపు అమ్మేయమని అందరూ చెప్పారు. ఉచిత సలహాలకి కరువేముంది? అన్నీ విని, తలూపి, మర్నాడు షట్టర్ ఎత్తింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల మేడమెట్లకున్న రెయిలింగుల్లో సగం ఆవిడ చేతివే. గొప్పలు పోతున్నానంటే పోతున్నాను. పెళ్లాం గురించి కాకపోతే ఇంకెవరి గురించి పోవాలి?

ఒకసారి వీధిలో వైద్య శిబిరం పెట్టారు. నర్సమ్మ మా ఆవిడ నాడి పట్టుకుని, గడియారం చూసి, మళ్లీ పట్టుకుని, "ఇంత నెమ్మదిగా పరుగుపందేలవాళ్లకి ఉంటుందమ్మా. ఎందుకైనా మంచిది, డాక్టరుకి చూపించుకోండి" అంది. మా ఆవిడ మొదటి సగమే విన్నది. "మెట్లెక్కితే ఆయాసపడే గుండె కాదండీ నాది" అని రోజంతా మురిసిపోయింది. నేనూ కాజాలు కుడుతూ వచ్చినవాళ్లందరికీ అదే చాటాను. జబ్బుని పతకంలా మెళ్లో వేసుకుని తిరిగాం ఇద్దరం.

తర్వాత బడివాళ్లు కొత్త మేడమెట్లకి రెయిలింగు చెయ్యమన్నారు. పని సగంలో ఉండగా ఓ మధ్యాహ్నం ఆవిడ గోడ మీద చేత్తో కొట్టి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది. ఆ గొంతు నాకు కొత్త. పరుగున వెళ్లాను. పైన పెంకులా పేరుకున్న చిట్టెం సుత్తితో రాల్చి, అతుకొకటి చూపించింది. నా కంటికి బాగానే ఉంది. వేలితో తడమమంది. రెండు పక్కలా చక్కగా ఉంది గాని, మధ్యలో ఇనుము ఇనుముని అంటుకోలేదు. సన్నటి గాడి తగిలింది.

"ఇక్కడ నేను లేనండీ."

"లేకపోవడమేంటి?"

"కళ్లు తిరిగాయి కాబోలు. తేరుకునేసరికి రాడ్డు పక్కకి పోయి ఉంది. మొన్నా ఇలాగే అయింది. నిద్ర చాలలేదనుకున్నాను."

ఆ రెయిలింగంతా తీసి పక్కన పడేసింది. అంతకుముందు బిగించి వచ్చినవాటిని కూడా ఇంటింటికీ వెళ్లి తట్టి చూసింది. బడికి వెళ్లి, "ఒంట్లో బాగాలేదు సార్. నా అతుకులు నాకే నమ్మకంగా లేవు" అని హెడ్మాస్టరు ముఖానే చెప్పేసింది. పేరు పోతుందేమోనని నేను పక్కన నీళ్లు నమిలాను. ఆయన మాత్రం "తగ్గాక మీరే చెయ్యండి" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "గుండెలో పైన రెండు గదులుంటాయమ్మా. కర్ణికలంటాం. కుడి కర్ణికలో సైనస్ నోడ్ అని చిన్న చోటుంది. ప్రతిసారీ కరెంటు పుట్టేది అక్కడే. అది పైగదులంతా పాకి, తర్వాత కిందికి దిగుతుంది. మీకు ఆ పుట్టేచోటే మొరాయిస్తోంది."

తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగలు గుండె దాకా పంపి చూశారు. వాళ్లే కాసేపు పైగదిని గబగబా కొట్టించి, ఉన్నట్టుండి వదిలేశారట. మామూలు గుండెయితే వెంటనే అందుకుంటుంది. ఈవిడది అందుకోలేదు. తెర మీద పైగది గీత ఎగరకుండా తిన్నగా సాగిపోయిందట. "అతుకులో ఖాళీ కూడా అచ్చం అలాగే ఉందండీ" అంది ఆవిడ బయటికొచ్చాక.

పేస్‌మేకర్ పెట్టాలన్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే: "పెడితే వెల్డింగ్ చెయ్యొచ్చా?"

డాక్టరమ్మ దాచలేదు. "వెల్డింగ్ కరెంటుని లోపల పెట్టే మిషను మీ పైగది కరెంటే అనుకోవచ్చు. గుండె తనంతట తనే కొట్టుకుంటోందిలే అని అది ఊరుకుంటే మళ్లీ కళ్లు తిరుగుతాయి. జాగ్రత్తలు పాటిస్తూ చేసేవాళ్లున్నారు. పరీక్షించకుండా మాటివ్వలేను."

ఇంటికొచ్చాక, "కుట్టుమిషను నేర్పిస్తాను, నా పక్కన కూర్చో" అన్నాను. ఆవిడ చూసిన చూపుకి ఇనుమైనా కరిగేది. తర్వాత తనే అంది: "పెట్టించుకోకపోతే చెయ్యకూడదని తెలుసు. పెట్టించుకుంటే చెయ్యగలనో లేదో తెలీదు. తెలీనిదే నయం కదండీ."

పెట్టించుకుంది. గాయం మానాక ఆసుపత్రి టెక్నీషియన్ గుండె గీత తెర మీద చూపించే పెట్టెతో ఆవిడ షాపుకే వచ్చాడు. కరెంటు తగ్గించి, వెల్డింగ్ మిషను వైర్లు రెండూ కలిపి నేల మీదికి దించి, చెయ్యి చాపినంత దూరంలో పని పెట్టించాడు. తానూ నేనూ నల్ల పరదా వెనక తెర ముందు నిలబడ్డాం. "పైగది గీత పక్కన పిచ్చిగీతలొస్తే ఆపమంటాను మేడమ్" అని అరిచాడు.

అవతల చిటపటలు మొదలయ్యాయి. గీత క్రమంగా నడుస్తోంది. నా గుండె మాత్రం అడ్డదిడ్డంగా కొట్టుకుంది. ఆ పెట్టె నాకు తగిలించి ఉంటే నన్నే మంచమెక్కించేవాళ్లు. కరెంటు కొంచెం పెంచాడు, బాగానే ఉంది. ఇంకా పెంచాడు, పిచ్చిగీతలొచ్చాయి. "ఆపండి!" అనగానే ఆపేసింది.

"రెయిలింగుకి మొదట పెట్టిన కరెంటు చాలు" అంది మాస్కు ఎత్తి. ఆ హద్దుకి డాక్టరమ్మా ఒప్పుకుంది. లావు దూలాల పని తెచ్చినవాళ్లకి ఇప్పుడు దాపరికం లేకుండా, "గుండెలో మిషనుందండీ, పెద్ద కరెంటు పడదు" అని చెప్పి, ఇంకో షాపు చూపిస్తుంది. తన హద్దు తాను చెప్పుకోగల పనివాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

బడి రెయిలింగు మళ్లీ మొదటినుంచి చేసింది. బిగించిన రోజు పిల్లల్నింకా మెట్లెక్కనివ్వలేదు. పైమెట్టు మీద నిలబడి, కమ్మీ మీదికి వాలి, రెండు కాళ్లూ నేల మీంచి లేపేసింది. కింద రెండంతస్తుల ఖాళీ. నేను కెవ్వుమని నడుం పట్టుకున్నాను.

"నన్నెందుకండీ పట్టుకుంటారు? దాన్ని పట్టుకుని చూడండి" అని కసిరింది.

వదిలేశాను. ఆవిడ పక్కనే వాలి, నేనూ కాళ్లు పైకెత్తేశాను.