ఎడమవైపు బటన్లు

మేడ్చల్ బస్టాండు దగ్గర మా అన్న వీడియోగేముల దుకాణం నడిపేవాడు. పొద్దున షట్టర్ సగం ఎత్తి, గిరాకీ రాకముందే నాతో ఒక్క ఆట ఆడేవాడు. ముందుగా గేము పెట్టె వెనక చెయ్యి పెట్టి ఏదో సవరించేవాడు. "నువ్వు ఎడమ దిక్కు నిలబడు చెల్లె" అనేవాడు. నా బొమ్మ గాల్లోకి ఎగిరి తన్నేది. రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే పడే దెబ్బ అది. పెద్ద పిల్లలకే కుదిరేది కాదు. నాకు మాత్రం ఒక్క బటన్‌తోనే పడేది. "మస్తు ఆడుతున్నవ్ పో! నాతోని గాదు" అంటూ అన్న రోజూ ఓడిపోయేవాడు. నాకెంత పొగరో!

షామీర్‌పేట దారిలో లారీ గుద్ది అన్న పోయాక, ఆ పెట్టె మా వడ్ల కొట్టంలో ఏళ్లతరబడి పడి ఉంది. ఎలుకలు కొరికిన వైర్లు మార్చి నేనే బాగు చేశాను. టంకం పెట్టడం నాకు నేర్పింది అన్నే. ఎడమవైపు రెండు బటన్ల తీగలను ఒకటిగా కలిపే చిన్న స్విచ్ ఒకటి వెనకాల కనిపించింది. ఏ బుద్ధిలేని మెకానిక్ పెట్టాడో అని తిట్టుకుంటూ కత్తిరించి పారేశాను.

తెర వెలిగింది. ఎడమవైపు నిలబడి, పాత అలవాటుకొద్దీ ఒక్క బటన్ నొక్కాను. బొమ్మ ఉత్త గుద్దు గుద్దింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే.

చెత్తబుట్టలోంచి ఆ స్విచ్ ఏరి, తిరిగి టంకం పెట్టాను. స్విచ్ వేసి, ఒక్క బటన్ నొక్కాను. నా బొమ్మ ఎగిరి తన్నింది. కుడివైపు అన్న బొమ్మ, అప్పటిలాగే, చెయ్యెత్తకుండా నిలబడి తన్నులు తింది.