దుబాసీ మామ, యూనియన్ అనే మాట

మామ పోయిన కబురు నాకు క్యాసెట్‌లో వచ్చింది. ఊరి నుంచి వచ్చినతను తెచ్చిచ్చిన క్యాసెట్‌ను దుబాయ్‌లో, అల్ ఖూజ్ గదిలో పెట్టుకుని వింటున్నాను. బర్రె ఈనిందని, బాయి మోటరు కాలిందని చెప్పి, మా ఆవిడ అదే గొంతుతో, "దుబాసీ మామ పాణం ఇడిసిండు. దినాలు గూడ అయినయి" అని, వెంటనే పిల్లవాడి బడి సంగతిలోకి వెళ్లిపోయింది. వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. ఆయనకూ నాకూ మధ్య ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆయన నాకు సొంత మామ కాడు. డెబ్బై అయిదులో దుబాయ్‌లో రేవు కడుతున్న ఒక ఇంగ్లిషు కంపెనీ క్యాంపులో మేం నలభై మంది తెలుగువాళ్లం ఉండేవాళ్లం. ఇంజనీర్లు ఇంగ్లిషులో చెప్పింది మాకు తెలుగులో, మేం గొణిగింది వాళ్లకు ఇంగ్లిషులో చెప్పడం ఆయన పని. అందుకని చిన్నవాళ్లమంతా దుబాసీ మామ అనేవాళ్లం. అంతకుముందు బొగ్గుబాయి ఆఫీసులో గుమస్తాగా చేసిన మనిషి. ఆ ఎండలో కూడా చొక్కా పైగుండీ విప్పేవాడు కాదు. ఇంజనీరు తిడితే ఆ తిట్టును తిట్టులాగే మాకు చెప్పేవాడు. కాస్త మెత్తగా మార్చి చెప్పొచ్చు కదా మామా అంటే, "నోరే నాది, మాట వాళ్లది. మాట మార్సితే రేపు నన్నెవడు నమ్ముతడు?" అనేవాడు. మావైపు నుంచీ అంతే. ఒకసారి మా మేస్త్రీ చిరాకుపడి "వీని మొకం" అని గొణిగితే, "సర్, హీ సేస్, యువర్ ఫేస్" అని చెప్పేశాడు. సాబ్ పాపం తన మొహానికి ఏదో అంటుకుందనుకుని తుడుచుకున్నాడు.

ఆ వేసవిలో ఇంగ్లండు వాళ్లకు పెద్ద చిక్కొచ్చి పడింది. యూరపు దేశాల కామన్ మార్కెట్‌లో ఉండాలా, బయటికి వచ్చేయాలా అని దేశమంతా ఓటు పెట్టారు. మా ఇంజనీర్లు టీ షెడ్డులో బల్లలు గుద్ది మరీ వాదించుకునేవాళ్లు. ఇంత దూరంలో ఉన్నందుకు తమకు ఓటు లేదని విసుక్కునేవాళ్లు. "సూడుండ్రి, అంతగనం కొట్లాడుకుని ఒక్క జీపులనే పోతున్నరు" అని మామ మాకు చూపించి మురిసిపోయేవాడు. మావాళ్లకు మాత్రం మార్కెట్ అంటే కూరగాయలే గుర్తొచ్చాయి.

"అంగట్ల జాగ కోసం గింత లొల్లా మామా?" అని అడిగాడొకడు.

"అంగడి గాదురా. ఎట్ల చెప్పాలె? తొమ్మిది దేశాలు కలిసి కట్టుకున్న యూనియన్ అనుకో. మన బొగ్గుబాయిల లెక్క. అండ్ల ఉండాల్నా, ఎల్లిపోవాల్నా అని ఓటేసుకుంటున్నరు."

ఇంజనీర్లు దాన్ని కమ్యూనిటీ అనేవాళ్లు. దానికి మామకు తెలుగు దొరకలేదు. యూనియన్ అన్నాడు. అందరికీ వెంటనే అర్థమైంది.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం కూరగాయలు ముందేసుకుని కూర్చున్నప్పుడు మళ్లీ ఆ యూనియన్ మాటే వచ్చింది. గోదావరి జిల్లా కార్పెంటర్, "కలిసుంటేనే బలవండీ. ఇడిపోయాక మన సరుకు ఎవడు కొంటాడు?" అన్నాడు. మా జగిత్యాల వైపు వాడొకడు కత్తిపీట పక్కకు పెట్టి లేచాడు. "కష్టం ఒకలది, పెత్తనం ఇంకొకలదైతె కలిసెందుకుండాలె?" మన రాష్ట్రంలో విడిపోతామన్న గొడవల వేడి అప్పటికింకా తగ్గలేదు. ఇద్దరిలో ఎవరూ ఇంగ్లండు గురించి మాట్లాడటం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. మామ గమేళా తట్ట తెచ్చి మధ్యలో పెట్టాడు.

"ఉండాలన్నోడు ఉల్లిగడ్డ ఎయ్యిండ్రి. పోవాలన్నోడు ఆలుగడ్డ. లొల్లి ఖలాస్."

లెక్కపెట్టే పని నాకిచ్చాడు. ఆలుగడ్డలు మూడు ఎక్కువొచ్చాయి. నవ్వుకుంటూ రెండూ కలిపి కూర వండుకున్నాం. అంత మంచి శుక్రవారం ఆ క్యాంపులో మళ్లీ రాలేదు.

ఆ టైములో క్యాంప్ బాస్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడట. అతనికి తెలుగు రాదు. యూనియన్, ఓటు అన్న రెండు ముక్కలు మాత్రం చెవిన పడ్డాయి. నేను లెక్కపెట్టడం కంటితో చూశాడు. ఆ దేశంలో కూలీలు యూనియన్ కట్టడానికి వీల్లేదు. ఏడు ఎమిరేట్లు కలిసి యూనియన్ కట్టుకుని నాలుగేళ్లు కూడా కాని దేశమది. ఆ మాట మా నోట్లోకి వచ్చేసరికి నేరమైంది.

ఆదివారం పొద్దున మామను ముదీర్ ఆఫీసుకు పిలిచారు. ముదీర్ అంటే మేనేజరు, ఇంగ్లిషాయన. టీ షెడ్డులో అందరికంటే గట్టిగా బల్ల గుద్దింది ఈయనే. అది మీ కామన్ మార్కెట్ ఓటు గురించేనని మామ చెప్పాడట. మా దేశం ఓటుతో మీ కూలీలకేం పని అని ఆయన నమ్మలేదట. సాక్షి కావాలన్నాడు. లెక్కపెట్టినవాణ్ని కాబట్టి నన్ను పిలిచారు. నేను వచ్చి ఆరు నెలలు. ఇంగ్లిషు ముక్క రాదు. మధ్యలో మాట చెప్పడానికి వేరే మనిషి లేడు. సాబ్ అడిగింది మామే నాకు చెప్పాడు.

"శుక్రవారం నేను యూనియన్ గురించి మాట్లాడిన్నా, ఓటేయించిన్నా అని అడుగుతున్నరు."

అది మీ దేశాల యూనియన్ సార్, మాది కాదు. ఈ మాట నా నాలుక మీదే ఉంది. పక్కనే నిలబడ్డ క్యాంప్ బాస్ చేతిలో పేర్లు రాసిన కాగితం ఉంది. దాని మీద నా పేరు కూడా ఉంటుందనిపించింది.

"మాట్లాడిండు. ఓటేయించిండు" అన్నాను.

మామ వెంటనే ఇంగ్లిషులో చెప్పలేదు. "ఇంకేమన్న చెప్తవా బిడ్డా?" అని అడిగాడు. ఆ ప్రశ్న సాబ్‌ది కాదు, ఆయన సొంతం. లేదన్నాను. అప్పుడు తిరిగి, నేనన్న రెండు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. ఒక ముక్క తనకు కావలసినట్టు కలిపి చెప్పినా పట్టుకునేవాడు లేడు. కలపలేదు. ఎందుకు కలపలేదని ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన మీద కోపం పెట్టుకోవడం నాకు సులువు, అంతే.

ఇంగ్లండు ఆ ఏడు బయటికి రాలేదు, ఉండిపోయింది. ఆ ఫలితం వచ్చేనాటికి మామ ఇక్కడ లేడు. తర్వాత నేను అయిదుసార్లు సెలవు మీద ఊరికి వెళ్లాను. మామ ఊరు మాకు రెండు కోసులే. ఒక్కసారీ గడప తొక్కలేదు. ఒకసారి బస్టాండులో దూరంగా కనిపిస్తే, సిగ్గులేకుండా బస్సు వెనక్కి తప్పుకున్నాను. ఆ మధ్య గ్రీన్‌లాండ్ అనే మంచుదేశం ఆ యూనియన్‌లోంచి నిజంగానే బయటికొచ్చిందని రేడియోలో విన్నప్పుడు, మామకు చెబితే ఎంత సంబరపడేవాడో అనుకున్నాను. చెప్పడానికి నాకు మొహమేది?

ఆ రోజు ముదీర్ కాగితం మీద సంతకం పెట్టి, తలెత్తకుండానే నాలుగు మాటలన్నాడు. మామ ఎప్పట్లాగే తల కాస్త వంచి, చివరిదాకా విన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నీ తప్పేం లేదట. పనికి పోవచ్చట. నన్ను ఎల్లుండి ఫ్లైట్ల ఇంటికి పంపిస్తరట."

అని చెప్పి, నేనేమన్నా అంటే అది కూడా సాబ్‌కు ఇంగ్లిషులో చెప్పడానికి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.