నూకుడు బండికి కొత్త మోటారు

మా నాయన పల్లెలు తిరిగి ప్రార్థనలు చేసే పాస్టరు. ఆయన పాత వ్యాన్లో పడక ఉంది, గ్యాస్ పొయ్యి ఉంది, నీళ్ల డ్రమ్ము ఉంది. పనిచేయనిది స్టార్టర్ మోటారు ఒక్కటే. తాళం తిప్పితే టక్కుమనేది, అంతే. అందుకని ఏ ఊరెళ్లినా ముందు వాలు వెతికి బండి పెట్టేవాడు, ఆ తర్వాతే చర్చి ఎక్కడని అడిగేవాడు.

బడి సెలవుల్లో ఆయనకు తోడుగా నేను వెళ్తాను. ఈ ఎండాకాలం మైదుకూరు దాటాక, మిట్టమధ్యాహ్నం, చదును రోడ్డు మీద బండి ఆగిపోయింది. చుట్టుపక్కల నరమానవుడు లేడు. టీచరమ్మనైన నేను కొంగు బొడ్లో దోపుకుని వ్యాను నూకాను. చెప్పు తెగింది. బండి అందుకోగానే ఆయన కిటికీలోంచి "స్తోత్రం!" అని అరిచాడు. దేవుడికే అన్నాడు, నాక్కాదు.

"మోటారు మార్చకపోతే నేను రాను, నిన్నూ పోనియ్యను," అన్నాను.

"మారిస్తే వాళ్లు రారు పాపా. నూకే పని లేకపోతే ఏమని వస్తారు?"

వాళ్లంటే, సాయంత్రం ప్రార్థనకు రానివాళ్లు. కొందరి ఇంట్లో ఒప్పుకోరు, కొందరికి ఊరు ఏమంటుందోనని బెరుకు. కానీ పొద్దున్నే పాస్టరు బండి నూకడానికి పోతే ఎవరూ ఏమీ అనరు కదా! బండి అందుకున్నాక ఆయన ఇంజను ఆపడు. ఒక్కొక్కరే కిటికీ దగ్గరికొచ్చి తమ కష్టం చెప్తారు. ఆ చప్పుడులో పక్కవాళ్లకు వినపడదు. ఆయన చెయ్యి బయటికి చాపి తల మీద పెట్టి ప్రార్థన చేస్తాడు. ఇదంతా నాకు తెలుసు. నా నడుము నొప్పి కూడా నాకు తెలుసు.

డోన్‌లో ఒక సాయిబు మెకానిక్ షెడ్డుకు తోలించాను. సాయిబు బ్యాటరీ వైరు పీకి బండి కిందికి దూరాడు. పాత మోటారు పైబోల్టు తుప్పుపట్టి పట్టేసుకుంది. సాయిబు దాన్ని ఉర్దూలో తిడుతున్నాడు. మా నాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. బోల్టు రావాలని ప్రార్థిస్తున్నాడో, రాకూడదనో నేను అడగలేదు.

వచ్చింది. కొత్త మోటారు బిగించి, "స్టార్ట్ చేయండి అయ్యగారూ," అన్నాడు సాయిబు. మా నాయన రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి, అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాడు.

"తాళం తిప్పండి సార్. ఈడ ఎవరూ నూకరు."

మరునాడు సాయంత్రం కడప వైపు ఒక పల్లెలో ఆగాం. కొత్త మోటారు ఉంది కదా అని నేనే బండిని చదును మీద పెట్టించాను. తెల్లారేసరికి పదిమంది దాకా వచ్చారు. వాళ్లలో ఒకామె ఉంది. చర్చి గడప తొక్కితే మొగుడు చంపేస్తాడు. నూకేదానికి పోతాండా అని ఇంట్లో చెప్పి వస్తుంది.

మా నాయన తాళం తిప్పాడు. బండి ఒక్క దెబ్బకు అందుకుంది. వెనకాల అందరూ చేతులు చాపినవాళ్లు చాపినట్టే నిలబడిపోయారు.

"ఏం అయ్యగారూ, ఇంక మాతో పన్లేదా?" అందామె. నవ్వుతూనే అడిగింది గానీ, ఇంట్లో అంత చెప్పి వచ్చి ఊరికే తిరిగిపోవాల్సిన మనిషి ముఖం అది.

ఆయన నావైపు చూశాడు. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇంజను సల్లబడిండాదప్పా. రోంత చెయ్యెయ్యండి."

మే నెల. పొద్దున్నే చెమటలు కారుతున్నాయి.

"అవునవును, శానా సల్లగుండాది," అన్నాడొక పెద్దాయన, నవ్వకుండా.

నాకు ఒళ్లు మండింది. అంత తిప్పలు పడి మోటారు వేయించింది ఇందుకా! "తాళం లేకుంటే ఎంత నూకినా అందుకోదు, అదన్నా పెట్టు నాయనా," అని అరిచి, దిగి, కొంగు దోపుకుని ఆమె పక్కన చేతులు ఆనించాను. చదును మీద బండి ఏనుగంత బరువుంది. మొత్తానికి అందుకుంది.

ఆమె చేతులు చీరకు తుడుచుకుని కిటికీ దగ్గరికి పోయింది. "కడపలో స్కానింగ్ తీసినారయ్యా, కడుపులో గడ్డంట. ఇంట్లో ఇంగా చెప్పల్యా," అన్నంతవరకు నాకు వినపడింది. నేను బండి వెనక్కి జరిగాను. పొగ ముఖానికే కొడుతోంది. ఆమె మాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.