పదమూడు పక్కటెముకలు

పశువుల డాక్టరమ్మ ఏ పాకలో అడుగుపెట్టినా ముందు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటుంది. తర్వాత పశువు డొక్క మీద వేళ్లు జరుపుతూ పక్కటెముకలు లెక్కపెడుతుంది. పుస్తకాలు చదివినవాళ్లు లోకంలో కొల్లలు గానీ, పశువును ఇలా చదివేవాళ్లు అరుదు. ఆ రోజు ఓ పాకలో పెయ్యకు పదమూడూ దొరికాయి; కడుపునిండా మేసిన పశువుకు అన్నీ వేళ్లకు తగలవు. “రెండేళ్లు దాటినా ఎదకు రాలేదమ్మా. హార్మోన్ సూదన్నా పొడవండి, గొడ్డుదనన్నా రాసివ్వండి, కోతకి తోలేస్తా,” అన్నాడు యజమాని. అతడి వెనక దాణా గదికి తాళం వేలాడుతోంది.

“అరకడుపు మేతతో ప్రాణం నిలుపుకుంటుందా, ఎదకు వస్తుందా? ఆకలితో మాడే ఒంట్లో ఆ హార్మోనే ఊరదయ్యా! నీ పొట్టకి మాత్రం తాళం లేనట్టుంది!” అంటూ ఆమె సూదిని సంచిలోకి విసిరింది. కళ్లద్దాలు పెట్టుకుని, కాగితంలో రోగం అన్నచోట ‘ఆకలి’ అని, కారణం అన్నచోట అతడి పేరు ఇంటిపేరుతో సహా రాసి, చేతిలో పెట్టింది.