ఆమేన్ దాకా నిలవని కోటు

పాత బట్టలు పంచే మా సంఘం మడిగెను మూసేసిన రోజు నా దిగులంతా ఒక కోటు గురించే.

బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో ఒక విశ్వాసి కిరాయి లేకుండా ఇచ్చిన చిన్న రేకుల దుకాణమే ఆ మడిగె. ఇళ్ల నుంచి వచ్చిన చీరలు, ప్యాంట్లు, పిల్లల గౌన్లు ఉతికి, గుండీలు కుట్టి, అవసరమున్న వాళ్లకు ఇచ్చేవాళ్లం. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలనే వాక్యం విని, తలూపి, ఇంటికి పోయి పడుకునే సంఘం కాదు మాది. అయితే ఈ మధ్య అంగడిలో కొత్త బట్టలే అగ్గువకు దొరుకుతున్నాయి. వచ్చేవాళ్లు తగ్గారు. మడిగె ఇచ్చినాయన కొడుకేమో అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంటానన్నాడు. స్తోత్రం చెప్పి తాళం అప్పజెప్పుదామని పెద్దలు తీర్మానించారు.

తెరిచిన రోజున నేను సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పి ఉన్నాను: ఇక్కడికి వచ్చే ప్రతి బట్టకూ దేవుడు ఒక మనిషిని సిద్ధపరిచే ఉంచాడని. అన్నీ పోయాయి. కోటు మిగిలింది.

ఢిల్లీలో కొలువు చేసి వచ్చిన ఒకాయన ఇచ్చిన నల్ల ఉన్ని కోటు. మోకాళ్లు దాటుతుంది. దాన్ని ఎత్తే ముందు నడుము కోసం ప్రార్థన చేసుకోవాలి. ఎవరూ అడగలేదని కాదు, తొడుక్కున్న ప్రతివాడూ అద్దం ముందు మీసం తిప్పినవాడే. చిక్కంతా మా పద్ధతిలో ఉంది. బట్ట తొడిగించి, భుజం మీద చెయ్యి వేసి ప్రార్థించి, ఆమేన్ అన్నాకే పంపేవాళ్లం. ప్రార్థన నాది. ముందు దేశం, తర్వాత రాష్ట్రం, తర్వాత జిల్లా అధికారులు, ఆ తర్వాత మండలం. తొడుక్కున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి కొంత ఆలస్యమవుతుంది, ఆ ఉన్నిలో అతనికి చెమటలు కారుతుంటాయి. డోంగ్లి నుంచి వచ్చిన ఒకతను నేను జిల్లా దాటకముందే "పురే తాయీ, పురే!" అని మరాఠీలో చాలించమని దండం పెట్టి కోటు విప్పేశాడు. ఇంకొకతను ఎప్పుడు పోయాడో తెలియదు. కళ్లు తెరిచేసరికి కుర్చీకి వేలాడుతున్న కోటు మీద నా చెయ్యి ఉంది.

"జర చిన్నగ చేస్తే ఎన్నడో పోవునక్కా గా కోటు," అనేవాడు సంఘ పెద్ద.

"ప్రార్థనను కత్తిరిస్తరా అన్నా? గదేమన్న ప్యాంటు కాలా?" అనేదాన్ని నేను.

చివరి రోజు సాయంత్రం ఆయన తాళంకప్ప పట్టుకుని నిలబడ్డాడు. "ఇగ ఇడిసిపెట్టక్కా. పాత బట్టలకు గిన్నెలిచ్చేటాయన వస్తడు గదా, ఆయనకేద్దాం. ఒక జల్లెడన్న వస్తది."

నా సాక్ష్యం జల్లెడగా మారడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇంకాసేపు చూద్దామని గుమ్మంలోనే నిలబడ్డాను. అప్పుడే పక్క ఊరి నుంచి అంగడికి వచ్చిన ఒక అవ్వ లోపలికి తొంగిచూసి, నేరుగా కోటు దగ్గరికి పోయి వేళ్లతో నలిపి చూసింది.

"గిది నాకిస్తవా బిడ్డా?"

"ఇస్తనవ్వా! ఎవలకు, తాతకా?"

"తాత పోయి శాన ఏండ్లాయె. చేన్ల దిష్టిబొమ్మకు. అడివి పందులు మక్కంత ఆగం చేస్తున్నయి. ఉత్త అంగీ ఏస్తే ఒక్కటి బెదురుతలేదు. గిది ఏస్తే పట్వారి వచ్చిండనుకుంటయి."

దిష్టి అనే మాటే మా సంఘంలో వినబడదు. పైగా బొమ్మ! "మనుషులకని ఇచ్చిన కోటవ్వా ఇది," అన్నాను.

"మనిషని నేనంటున్ననా? పందులనుకుంటె సాలు."

సంఘ పెద్ద నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇయ్యక్కా. ప్రార్థన గూడ చెయ్యి. ఈసారి చెమట పట్టేటోడు లేడు."

అవ్వ కడుపు నిండేది ఆ మక్కజొన్నతోనే కదా అని ఇచ్చాను. కోటును కుర్చీకి తొడిగి, భుజం మీద చెయ్యి వేసి, దేశం నుంచే మొదలుపెట్టాను. "అయిందా బిడ్డా? ఆటో పోతది," అని అవ్వ మండలం దగ్గర ఒకసారి తొందరపెట్టింది. తాళం పడింది. నా మనసు మాత్రం కుదుటపడలేదు. నేను చెప్పింది మనిషికని, కోటు పోయింది కట్టెకు.

ఆదివారం సాక్ష్యాల వేళ సంఘ పెద్ద లేచాడు. గృహకూడిక ముగించుకుని మోటార్‌సైకిల్ మీద వస్తుంటే మసక వెలుగులో చేను గట్టున ఒక సహోదరుడు అటు తిరిగి, రెండు చేతులూ చాచి ఏకాంత ప్రార్థనలో కనిపించాడట. ప్రార్థించేవాణ్ణి దాటిపోవడం మా వాళ్లకు అలవాటు లేదు. ఈయన బండి ఆపి, చెప్పులు విడిచి, వెనకాల నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"ఎంతసేపైనా ఆమేన్ అంటలేడు! మా అక్క కన్న పెద్ద ప్రార్థనాపరుడు గీ దిక్కున ఎవడున్నడా అని పరేషానైన. దోమలు కుట్టి కుట్టి చంపుతుంటె ఇగ నేనే ఆమేన్ అని, 'వందనాలు బ్రదర్' అని చెయ్యి పట్టిన. ఉత్త కట్టె!"

సంఘమంతా చాపల మీద దొర్లి నవ్వింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆమేన్ దాకా కోటు ఒంటి మీదనే ఉన్నదా అన్నా?"

"గుండీ గూడ ఇప్పలేదక్కా. పందులు గట్టు దిక్కే చూస్తలేవట."

"హల్లెలూయ!" అని కూర్చున్నాను.