లోడు కింద నిలబడకండి

భీమశంకరరావుగారికి ఏ వస్తువునీ మామూలుగా చేత్తో అందించడం రాదు. ముప్పై రెండేళ్లు పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఎంత చిన్నదైనా ఆయన లెక్కలో అది సరుకే, పద్ధతిగా ఎత్తాలి, పద్ధతిగా దించాలి. అన్నంలో పెరుగు వేసేటప్పుడు కూడా గరిటె గాల్లో ఆపి, "చెయ్యి తియ్యి చిట్టెమ్మా, లోడు కింద ఉండకూడదు" అనేవారు. పాపం, ఆవిడ కాపురమంతా ఈ హెచ్చరిక కిందే గడిచింది.

కరోనా ఏడాది, దీపావళికి నాలుగు రోజుల ముందు గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటులోకి రాధ అద్దెకు దిగింది. జాలరిపేట పిల్ల, కోవిడ్ వార్డులో నర్సు. ఆ సంగతి తెలిసిన గంటలో అపార్టుమెంటులో తలుపులన్నీ బిగుసుకున్నాయి. ఆ పిల్ల ఫోనులో తల్లితో అంటున్న మాట మెట్ల దగ్గర చిట్టెమ్మ చెవిన పడింది.

"పండగెల్లాక ఈ ఇల్లూ కాళీ సేసెత్తానమ్మా. ఈలూ నన్ను సూసి తలుపులేసుకుంతన్నారు."

చిట్టెమ్మ ప్రాణం ఉసూరుమంది. పలకరిద్దామంటే తనకు షుగరు, దగ్గరికెళ్లాలంటే భయం. పైకొచ్చి మొగుడికంతా చెప్పి, ఏదో ఒకటి చెయ్యమంది.

ఆయన సాంతం విని, "నూతి గిలక ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు.

"నేనేం చెబుతున్నాను, మీరేం అడుగుతున్నారు?"

మర్నాడు పూర్ణా మార్కెట్ నుంచి గిలక, బుట్ట, ఇరవై గజాల తాడు వచ్చాయి. మూడో అంతస్తు బాల్కనీకి గిలక బిగించి, పండగ పొద్దున్నే ఆయన విజిల్ ఊదారు. "బూరెలు దిగుతున్నాయి. ఒక్కొక్కరే కిందికి రండి. లోడు కింద నిలబడకండి."

ఎదురు ఫ్లాటు రోజారమణి తలుపు తీసింది. రెండు గుమ్మాల మధ్య నాలుగడుగుల దూరం.

"నాకిక్కడ పెట్టెయ్యండి అన్నయ్యగారూ, మోకాళ్ల నొప్పులు."

"కుదరదమ్మా. దిగాల్సిందే."

ఆవిడ మూడంతస్తులు దిగి బూరెలు అందుకుని, ఆయాసంతో కింది మెట్టు మీదే కూలబడింది. పైన చిట్టెమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈ మనిషికి చాదస్తం ముదిరిపోయిందనుకుంది.

ఆఖరికి రాధ గుమ్మంలోకి వచ్చింది. తన ముందుకు దిగుతున్న బుట్టని చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "నానంటే బయవేటి బాబయ్యా? తాడుతో దింపుతన్నారు?"

పైనించి ఆయన నోరు విప్పేలోగా రోజారమణి అందుకుంది. "నీకొక్కదానికే అనుకుంటున్నావా తల్లీ? ఎదురింటి దాన్ని, నన్నే కిందికి దింపాడు మహానుభావుడు."

రాధ పకపకా నవ్వింది. రోజారమణికీ నవ్వాగలేదు. ఆరడుగుల ఎడంలో కూర్చుని ఇద్దరూ మోకాళ్ల నొప్పుల మందుల్లోకి దిగారు.

చిట్టెమ్మకు అప్పుడు బోధపడింది. "ఇందుకా అందరికీ తాడేశారు?"

"ఆ పిల్లొక్కదానికే వేస్తే ఏం బాగుంటుంది?"

"నాతో ఒక్క ముక్క అనొచ్చుగా."

"అంటే నువ్వు రోజారమణికి చెబుతావు."

మర్నాడు మధ్యాహ్నం కింద ఎవరో గిన్నె మీద గరిటెతో టంగుటంగుమని కొట్టారు. రాధ.

"బాబయ్యా, సేపల పులుసు ఎక్కుతంది. లోడు కింద ఎవులూ లేరు, లాగండి. వచ్చే ఆదోరం రొయ్యలంపుతాను."

ఆయన తాడు పట్టుకోబోయారు. చిట్టెమ్మ చటుక్కున లాక్కుంది.

"తప్పుకోండి. ఈ లోడు నాది."